ఎడమచుట్టు బాణాలు

ఏళాయిరంపన్నై,
బుధవారం మధ్యాహ్నం.

సుధ నాన్నకు నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నామని మొదట రాయాలి గనుక రాస్తున్నాను. అందులో ఎంత నిజముందో ఉత్తరం చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది. అక్కడ మీరూ, మీ సైకిళ్ళూ, మీ ఒమాన్ రాళ్ళూ క్షేమమేనని తలుస్తాను.

అక్కడ మీతో పనిచేసే ముత్తురామన్ సెలవు అయిపోయింది. రేపు బయల్దేరుతున్నాడు. శనివారానికల్లా మీ గదికి వచ్చి ఈ ఉత్తరమూ, ఒక సంచీ ఇస్తాడు. సంచిలో కోవిల్‌పట్టి కడలమిఠాయి రెండు కిలోలు, సాత్తూరు కారసేవు ఒక కిలో ఉన్నాయి. మీ సంగతి నాకు తెలియదా, ముందు సంచే విప్పుతారు. ఈసారి దయచేసి ముందు ఉత్తరం చదవండి. ఇది చదవకుండా మీ కంపెనీవాళ్ళ మూడేళ్ళ ఒప్పందం కాగితం మీద సంతకం పెట్టారో, ఆ మిఠాయి తిరుగు విమానంలో వెనక్కి తెప్పించుకుంటాను.

ఇంత మాత్రానికి ఫోనులో చెప్పకూడదా అంటారు. ఎలా చెప్పను? ఫోను మోగితే చాలు, అత్త వచ్చి నా పక్కన చేరుతుంది, స్పీకరు పెట్టమంటుంది. ఆమె లేని పూట మీరున్నారు. నేను ఒక మాట మొదలుపెడితే మీరు నాలుగు మాటలు అడ్డం వేస్తారు. కాగితానికైతే ఎవరూ అడ్డం రారు. పైగా మన ఇంట్లో నోళ్ళన్నీ తెలుగే గానీ కళ్ళన్నీ తమిళం. మా నాన్న తెలుగు పంతులు కాబట్టి నాకు తెలుగు అక్షరాలు వచ్చాయి, పెళ్ళయిన కొత్తలో నా దగ్గర నేర్చుకున్నారు కాబట్టి మీకు వచ్చాయి. మనిద్దరికీ తప్ప ఈ అక్షరాలు ఇంట్లో ఎవరికీ రావు. ఈ కాగితాన్ని తెచ్చి వాకిట్లో ఆరేసినా నాకు దిగుల్లేదు.

అక్షరాలు కొంచెం ఎక్కుతూ దిగుతూ పోతున్నాయని మీరు గొణుక్కుంటూ ఉంటారు. కాగితం కదలకుండా పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావాలి కదా. ఆ సంగతి తర్వాత రాస్తాను. ప్రస్తుతానికి కాగితం మీద అంబలి చెంబు పెట్టుకుని రాస్తున్నాను.

మీ పోయిన ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడు పేజీల నిండా రాళ్ళే! తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరామని, పద్నాలుగు కిలోమీటర్ల చుట్టు అని, ఎండ ముదరకముందే తిరిగి రావాలని, ఒక పక్క నిలువు బండ ఇంకో పక్క లోయ అని, మధ్యలో దారి మన నడవలో ఉన్న బల్లంత వెడల్పేనని, మోకాలెత్తు బండ మీంచి ముందు చక్రం దించేటప్పుడు గుండె నోట్లోకి వచ్చిందని. ఎవరడిగారండీ ఇవన్నీ? నీళ్ళు రెండు లీటర్లు తీసుకెళితే సగం దారిలోనే అయిపోయాయని కూడా రాశారు. అది చదివి ఇక్కడ నేను హాయిగా అన్నం తింటాననుకున్నారా? మీ ఉద్యోగం అద్దె సైకిళ్ళు బాగుచెయ్యడం. దారి చూపించే మనిషి రాకపోతే మిమ్మల్ని తోలడమేమిటి, మీరు గంతేసుకుంటూ పోవడమేమిటి? నలభై ఆరేళ్ళొచ్చాయి, షుగరు మాత్ర మింగుతున్నారు, ఇంకా ఆ రాళ్ళ పిచ్చి దిగలేదు. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

సరే, మీరడిగినవాటికి జవాబులు. సుధ విరుదునగర్ హాస్టల్లో బాగానే ఉంది. పరీక్షలు బాగా రాశానంటోంది, అలా అన్నప్పుడల్లా నాకు భయం. ఎర్రావు ఈనింది, కోడెదూడ. మీరు వదిలి వెళ్ళిన సైకిలు ముందు ఫోర్కులో నూనె కారుతోందా అని అడిగారు. కారడం లేదు. దాని గురించి చెప్పవలసింది వేరే ఉంది. మా సెల్లులో కెమెరా బాగైందా, మొహం చూసి మూడు వారాలయిందని రాశారు. కెమెరా ఎప్పుడూ పాడవలేదు. సంక్రాంతి దాటిన తై నెలలో నిజంగా వాన పడిందా, అందుకేనా కోవిల్‌పట్టి సైకిల్ సంఘంవాళ్ళు రావడం వాయిదా పడింది అని అడిగారు. పడలేదు. మీకు నేను చెప్పిన అబద్ధాలన్నిటిలో మీరు నమ్మనిది అదొక్కటే. మన ఊళ్ళో వాన అంటే ఎవరు నమ్ముతారు లెండి.

ఇక నాలుగో పేజీ. "నాయన మనసు మారదు. ఆ కరడు, ఆ రాళ్ళగుట్ట, ఆయన్నే కట్టుకుని ఉండమను. నేను కాగితం మీద సంతకం పెట్టేస్తాను. ఇంక మూడేళ్ళ దాకా ఆ మాట ఎత్తకు." ఇదీ మీరు రాసింది. ఆ పేజీ చదివినప్పటి నుంచి నాకు తల ప్రాణం తోకకొస్తోంది. ఈ ఉత్తరమంతా ఆ పేజీకి జవాబే. మొదటినుంచి రాస్తాను, మధ్యలో లేచి నీళ్ళు తాగి రాకండి.

పోయినేడు లీవుకు వచ్చినప్పుడు మన మెట్టపొలం పుంజ వెనక ఉన్న కరడును చూసి మీరు ఎగిరి గంతేశారు. మూడు తరాలుగా మనవాళ్ళు దాన్ని పనికిరాని రాళ్ళగుట్ట అనుకున్నారు. మీరేమో "ఒంటెలు లేవు గానీ ఇది అచ్చం ఒమానే! అక్కడ ఇలాంటి రాళ్ళ మీద తొక్కడానికి దేశాలు దాటి వస్తారు" అన్నారు. సెలవంతా గడ్డపార పట్టుకుని అక్కడే ఉన్నారు. నేను తట్ట పట్టుకుని మీ వెనక ఉన్నాను. తూర్పున మేకలదారి వెంట పాము మలుపులు మెల్లగా ఎక్కాలి, పైన పలకరాయి దాటాలి, పడమట మెట్లబండ మీంచి దడదడ దిగాలి, బావి దగ్గరకు వచ్చి చేరాలి. మూడు కిలోమీటర్ల చుట్టు. దారి పొడుగునా రాళ్ళ మీద పసుపు బాణాలు వేశాం, మొత్తం నలభై ఒకటి. నాకూ సైకిలు నేర్పారు. "చక్రాన్ని చూడకు, చక్రం పోవలసిన చోటును చూడు" అని నూరుసార్లు చెప్పారు. మొదటి పరుగు బాగా జరిగితే, జనం వస్తారని తేలితే, కంపెనీకి దండం పెట్టి వచ్చేస్తానని, ఇక్కడే సైకిళ్ళు పెట్టుకుని బతుకుతానని అన్నారు. ఆ మాట నేను మర్చిపోలేదు.

ఆ చుట్టు మధ్యలో వీరమ్మ గుడి ఉంది. గుడి అంటే మూడు రాళ్ళు, కుంకుమ, ఒక శూలం. మీ బాణాల ప్రకారం పోతే అమ్మవారు ఎడమచేతికి వస్తుంది. అంటే చుట్టు ఎడమచుట్టు. మీకు అది తట్టలేదు, నాకూ తట్టలేదు. మీరు వెళ్ళాక తట్టింది. మార్గళిలో, అదే ధనుర్మాసంలో, సంఘంవాళ్ళు తేదీ అడిగితే, మామను ఒక మాట అడిగి చెబుదామనుకున్నాను.

మామను అడగడమంటే మన ఇంట్లో ఎలాగో మీకు తెలుసు. ఇరవై ఒక్కేళ్ళుగా నేను మామ ఎదుట కూర్చోలేదు, నేరుగా మాట్లాడలేదు. కాఫీ గ్లాసు కూడా గడప మీద పెట్టి వస్తాను. నా మాట అత్త దగ్గరికి పోతుంది, అత్త మామకు చెబుతుంది, మామ మాట అదే దారిలో వెనక్కి వస్తుంది. కొత్త కోడలిగా ఉన్నప్పుడు ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైపోయింది. అలవాటైపోవడమే అన్నిటికంటే పెద్ద తప్పని ఇప్పుడు అనిపిస్తోంది.

"అత్తా, సైకిళ్ళు ఎడమచుట్టుగా పోతాయి, మామకు సమ్మతమేనా అడుగు" అన్నాను.

అత్త వడ్లు చెరుగుతూ చేట కింద పెట్టేసింది. "అయ్యో, వద్దమ్మా! మీ మామ ఒప్పుకోరు. అమ్మోరి సుట్టూ వలమే, కుడి పక్కే పోవాల. ఎడమ పక్క తిరిగేది సావుకు మాత్రమే. కాటిలో తిరిగినట్ల మన కరడు సుట్టూ తిరిగితే కులం నిలస్తుందా?"

అదే రోజు నేను మీకు ఫోనులో "మామ ఒప్పుకోవడం లేదు" అని చెప్పాను. మీరు ఫోను టక్కున పెట్టేశారు. ఆ రోజు నుంచి ఫోనులో మామ పేరెత్తలేదు, ఆయనకు ఫోను ఇమ్మనలేదు. రెండు నెలల పైన అయింది.

నేనేం చేశానో ఇప్పుడు చెబుతున్నాను, కోపం తెచ్చుకోండి, కానీ చదవడం ఆపకండి. మీరు వదిలేసిన దాన్ని నేను వదల్లేదు. కిరసనాయిలు, పాతగుడ్డ, పసుపు పెయింటు డబ్బా పట్టుకుని కరడెక్కాను. మూడు పొద్దులు కూర్చుని నలభై ఒక్క బాణాలనూ చెరిపి తిప్పి వేశాను. ఎడమచుట్టును కుడిచుట్టు చేసేశాను. మామ మాటా నిలుస్తుంది, మీ దారీ నిలుస్తుంది, అందరికీ సమ్మతం అని నాకు నేనే మెచ్చుకున్నాను. దారి దారే కదా, ఇటు పోతేనేం అటు పోతేనేం అనుకున్నాను. నాలాంటి తెలివిగలవాళ్ళు ఇంటికొకరు చాలు.

సంఘంవాళ్ళు వచ్చే ముందు ఒకసారి తొక్కి చూడాలి కదా. పొద్దున్నే, బావి మోటారు చూసి వస్తానని అత్తకు చెప్పి, చుడీదారు వేసుకుని, మీ హెల్మెట్ పెట్టుకుని సైకిలు తీసుకెళ్ళాను. మెట్లబండ దగ్గరే తెలిసింది. దిగడానికి పేర్చిన మెట్లను ఎక్కడమెలా? సైకిలు భుజానికెత్తుకుని ఒక్కొక్క బండా ఎక్కాను. ఎక్కుతూ మిమ్మల్ని తిట్టాను, అత్తను తిట్టాను, కనిపించని మామను తిట్టాను. పలకరాయి మీదకు చేరేసరికి తిట్లు అయిపోయాయి, ఊపిరీ అయిపోయింది. అయినా అక్కడ ఒక నిమిషం నిలబడ్డాను. కింద నల్లరేగడి, దూరంగా ఆలంగుళం వైపు సిమెంటు పొగ, ఆ పొద్దుటి గాలి. మీరు మూడు పేజీలు ఎందుకు రాస్తారో ఆ నిమిషం కొంచెం అర్థమైంది. ఈ మాట రాసినందుకు నెత్తికెక్కించుకోకండి.

ఆ తర్వాత పాము మలుపులు. ఎక్కేటప్పుడు మెల్లగా తిరిగే మలుపు, దిగేటప్పుడు ఊపులో తిరగదండీ. అడుగున గులకరాళ్ళు, మలుపు అవతల ఏముందో కనబడదు. మొదటి మలుపు తిరిగాను. రెండో మలుపులో చక్రం పోవలసిన చోటు చూడాల్సింది పోయి చక్రాన్నే చూశాను. భయపడి ముందు బ్రేకు పట్టేశాను. వద్దని మీరు నెత్తీనోరూ బాదుకుని చెప్పిన బ్రేకే అది. సైకిలు ఆగింది, నేను ఆగలేదు. సీమకరువేల ముళ్ళపొదలో పడ్డాను. ఎడమ మణికట్టు విరిగింది.

అదీ సంగతి. కెమెరా పాడవడమూ, వాన పడటమూ, అక్షరాలు వంకర పోవడమూ అన్నీ అందుకే. ఐదు వారాలయింది, ఇంకో వారంలో కట్టు విప్పుతారు. వేళ్ళు ఆడుతున్నాయి. మీరిప్పుడు లేచి తిరగకండి, కూర్చోండి. సైకిలుకు హ్యాండిల్ ఒంగింది, అంతే.

మేకలు తోలుకుంటూ గురువమ్మాళ్ ఆ దారినే వచ్చింది కాబట్టి సరిపోయింది. నన్ను లేవదీయడానికి ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "ఏమమ్మా, నువ్వు సైకిలు ఎక్కితివా, సైకిలు నీ మీద ఎక్కెనా?" అంది. అంత నొప్పిలోనూ నవ్వొచ్చింది. ఆమే వెళ్ళి మామను పిలుచుకొచ్చింది.

కోవిల్‌పట్టి ఆసుపత్రిలో పిండికట్టు వేసి బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. అత్త కాఫీ తేవడానికి వెళ్ళింది. బెంచీకి ఆ చివర మామ, ఈ చివర నేను. మధ్యలో మాట మోసే మనిషి లేదు. మామ గోడను చూస్తూ అడిగారు.

"ఎట్ల పడితివమ్మా?"

ఇరవై ఒక్కేళ్ళలో ఆయన నన్ను నేరుగా అడిగిన మొదటి మాట అది. నేను నేలను చూస్తూ అంతా చెప్పాను.

"బాణాలు ఎవురు తిప్పింది?"

"నేనే మామా. ఎడమచుట్టుకు మీరు ఒప్పుకోరని."

"నన్ను ఎవురు అడిగిరి?"

సుధ నాన్నా, ఇదే నేను ఇంతసేపూ దాచిన మాట. మామ ఒప్పుకోనని అనలేదు. అసలు ఆయన్ను ఎవరూ అడగనే లేదు. అత్త చేట కింద పెట్టి చెప్పిన మాట అత్తది. మామ అలాగే అంటారని ఆమె అనుకుంది, అడిగి మాట పడటమెందుకని అడగలేదు. నేను దాన్ని మామ మాటగా మీకు మోశాను. మీరు ఆ మాట మీద కన్నతండ్రితో మాట్లాడటం మానేశారు, మూడేళ్ళ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నారు. చేతులు మారుతూ వచ్చిన ఒక మాట, దానికి నోరే లేదు!

ఆ తర్వాత మామ అన్నారు: "అమ్మోర్ని తిరగాలంటే సెప్పులు ఇడిచి, తల తడుపుకొని తిరగాల. సైకిలు మీద పోయేవాడు అమ్మోర్నా తిరగతాడు? వాడు కరడు తిరగతాడు. గురువమ్మాళ్ మేకలు నలబై ఏండ్లుగా ఎడమ పక్కే మేస్తా ఉండాయి. అమ్మోరు ఒక్క మేకనన్నా అడిగెనా?"

ఇంకా అన్నారు: "మా పాండియన్ నెల దినాలుగా నాతో మాట్లాడలే. పని జాస్తి ఏమో అనుకొంటి. ఏమిరా అని నేనూ అడగలే."

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. చెయ్యి నొప్పికి రాలేదు. ఆయన వయసు డెబ్బై ఒకటి, ఎంతో చిన్నగా కూర్చుని ఉన్నారు. అంతలో అత్త కాఫీ తెచ్చింది. మేమిద్దరం మళ్ళీ చెరో వైపు తిరిగిపోయాం. అలవాటు చూడండి!

ఇంటికొచ్చిన ఐదో రోజు పొద్దున మామ గడప దగ్గరకు వచ్చి నిలబడ్డారు. "బాణాలు యాడ యాడ ఉండాయో సూపీ" అన్నారు. పసుపు పెయింటు డబ్బాలోనే ఎండి రాయయింది. ఆయన ఊళ్ళోని గుడి గోడకు వేయగా మిగిలిన సున్నమూ, ఎర్ర కావీ కలిపి తెచ్చారు. ముందు ఆయన, వెనక కట్టు చెయ్యి వేలాడేసుకుని నేను. నలభై ఒక్క బాణాలనూ మళ్ళీ మీరు వేసిన వైపుకే తిప్పారు. నాలుగు పొద్దులు పట్టింది. ఇప్పుడు మీ దారి చూస్తే గుడి గోడలా ఉంటుంది, తెల్లచార ఎర్రచార. మొన్న వచ్చినవాళ్ళు దండం పెట్టుకుని మరీ తొక్కారు.

ఆ నాలుగు పొద్దుల్లో మాట్లాడినంత, పెళ్ళయినప్పటి నుంచి మామతో మాట్లాడలేదు. మీ పాత ఉత్తరాల్లోని రాళ్ళ పేజీలు ఆయనకు చదివి వినిపించాను. తర్వాత వచ్చిన ఆ నాలుగో పేజీ మాత్రం చదవలేదు.

"నిజంగా ఇట్లాంటి రాళ్ళ మీదనా తొక్కతాడు?"

"అవును మామా. ఇంతకంటే పెద్దవంట."

"బయం లేదా?"

"భయమేనంట. అయినా తొక్కుతారు."

మెట్లబండ దగ్గర ఆయన కుంచె పట్టుకుని ఆగారు. చిన్నప్పుడు గోనెసంచీ వేసుకుని ఆ బండ మీంచి జారుకుంటూ దిగేవారట. వాళ్ళ నాయన చూసి ఈతబరికెతో కొట్టారట. "అదీ ఎడమసుట్టే" అని నోరంతా తెరిచి నవ్వారు. మీ నాన్న నవ్వితే మీలాగే ఉంటారు. ఇన్నేళ్ళూ ఆయన మొహం నేను చూసిందెక్కడ?

అత్త మీద కోపం తెచ్చుకోకండి. రెండు రోజులు అన్నం మానేసి మూల కూర్చుంది. "నేను అనింది ఏమి తప్పు? ఒప్పుకోరనే అనుకొంటి. యాబై ఏండ్లుగా ఆయన మనసు తెలిసే కదా కాపురం సేస్తా ఉండాను" అంటుంది. యాభై ఏళ్ళుగా ఆమె కూడా అడగలేదని నాకు అప్పుడర్థమైంది. పాపం, ఆమెను ఏమనగలం? ఆమె నేర్పినదే నేను నేర్చుకున్నాను.

పోయిన ఆదివారం సంఘంవాళ్ళు వచ్చారు. కోవిల్‌పట్టి నుంచి ఏడుగురు, విరుదునగర్ నుంచి నలుగురు. సుధ కూడా వచ్చింది. మామ పొద్దున్నే వీరమ్మకు కొబ్బరికాయ కొట్టి, కర్ర పట్టుకుని మెట్లబండ పైన నిలబడ్డారు. మేకలను అదిలించడానికట. నిజానికి వచ్చే ప్రతివాడినీ "బ్రేకు! ఎనక బ్రేకు!" అని అదిలించారు. అంతా బాగా జరిగిందని రాయడానికి నాకూ ఆశే. పదకొండు సైకిళ్ళకు పదహారు పంక్చర్లు! ఒమానులో సీమకరువేల ముళ్ళు లేవు కాబోలు, ఇంత లెక్కగా దారి వేసిన మనిషికి ముళ్ళు గుర్తు రాలేదు. ట్యూబులో పోస్తే కన్నం దానంతటదే మూసుకుపోయే పాలలాంటి మందు ఒకటి ఉందని వాళ్ళే చెప్పారు. మీకది తెలియదా? తెలిసి కూడా చెప్పలేదా? నాకు ఒళ్ళు మండిపోయింది. ఇద్దరు చక్రాలు పట్టుకుని తిట్టుకుంటూ వెళ్ళిపోయారు, మళ్ళీ రారు. మిగిలినవాళ్ళు వచ్చే నెల స్నేహితులను తీసుకుని వస్తామన్నారు. కలైసెల్వి అనే విరుదునగర్ అమ్మాయి రెండుసార్లు కాలు కింద పెట్టి, మూడోసారి పెట్టకుండా మెట్లబండ మొత్తం దిగింది. మామ కర్ర చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టారు. ఆ శబ్దానికి మేకలు చెదిరిపోతే, గురువమ్మాళ్ దగ్గర మామ తిట్లు తిన్నారు.

కాబట్టి ఇది మనకు బతుకుతెరువు అవుతుందో లేదో నాకు తెలియదు. అవుతుందని మీకు ఆశపెట్టి రప్పించను. మోసుకొచ్చిన మాటలతో ఒకసారి పడింది చాలు.

నిన్న మామ వాకిట్లో కూర్చుని ఉంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. గడప దాటి. "మామా, ఆయన ఇంకో మూడేళ్ళకు సంతకం పెట్టేస్తారంట. వచ్చేయమని మీరు చెప్పారని రాయనా?"

మామ తల ఎత్తి నా మొహంలోకి చూశారు. "నా పేరు ఎందుకు పెడతావు? నేను రమ్మంటే నా కోసం వస్తాడు. వానికి సమ్మతమా అని మళ్ళా ఎవురికీ తెలవదు. నీకేమి కావాల్నో నువ్వు రాయి. నా మాట నేను వానికి సెప్పుకొంటాను, ఫోను పట్టుకొని ఇస్తే సాలు." మళ్ళీ అన్నారు: "రెండు నెలల మాట. యాడ మొదలుపెట్టాల్నో తెలవలే."

శనివారం సాయంత్రం మీరు ఫోను చేయండి. ఎత్తేది నేను కాదు, మామ. ఆయన మొదలుపెట్టకపోతే మీరు మొదలుపెట్టండి. రాళ్ళ గురించి మొదలుపెట్టినా సరే.

ఇక నా మాట. పదకొండేళ్ళలో మూడుసార్లు మీరు కాగితం ముందు పెట్టుకుని, సంతకం పెట్టనా అని నన్నడిగారు. మూడుసార్లూ నేను "మీ ఇష్టం" అని రాశాను. అది మర్యాద అనుకున్నాను. నేను వద్దంటానేమోనని మీరు ఎదురుచూసి ఉంటారని ఇప్పుడు తోస్తోంది. మీకు అక్కడే బాగుందని నేననుకున్నాను. నాకు ఇలాగే బాగుందని మీరనుకున్నారు. ఎవరం ఎవరినీ అడగలేదు. అత్తను అని లాభమేముంది?

నాకు బాగాలేదు. పదకొండేళ్ళుగా బాగాలేదు. మీ ఉత్తరాల్లో రాళ్ళు చదివి చదివి విసిగిపోయాను. పలకరాయి మీద ఆ పొద్దున ఒక్కదాన్నే నిలబడినప్పుడు, ఇది ఒక్కదాన్నే చూడాల్సింది కాదని ఏడుపొచ్చింది. పడ్డానన్న బాధ కంటే, పడ్డానని మీకు చెప్పుకోలేకపోయిన ఈ ఐదు వారాల బాధ ఎక్కువ. పంక్చర్లే వేసుకుంటామో, పత్తే వేసుకుంటామో ఇక్కడే చూసుకుందాం.

ఈసారి మీ ఇష్టం కాదు, నా ఇష్టం రాస్తున్నాను. సంతకం పెట్టకండి. వచ్చేయండి. ఆ ముళ్ళ మందు మాత్రం మర్చిపోకుండా తీసుకురండి.

ఇట్లు,
ఇన్నేళ్ళూ "సుధ అమ్మ" అని సంతకం చేసిన
మీ భార్య,
ఉష.